నడిమికి కోసిన పాటలు

పాత కాగితాలు బాగుచేసే పనిలోకి ఇప్పుడు డిగ్రీలు చదివిన ఆడపిల్లలు వస్తున్నారు. శామీర్‌పేటలోని మా గదిలో నేను పని మానేసే నాటికి అలాంటివాళ్లు కొందరు చేరారు. మందుల పేర్లు, యంత్రాల పేర్లు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఈ పనిలో రోజు ఎలా గడుస్తుందో మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అడిగితే నోటితో చెప్పాను. విని, టీ తాగి, మర్చిపోయారు. అందుకని రాసి పెడుతున్నాను.

నేను నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. పెద్ద మాటలు రావు. ఏ హోదా ఎప్పుడు ఇచ్చారు, జీతం ఎంత పెరిగింది అన్నవి రాయను. అవి అందరి ఉద్యోగాల్లోనూ ఒకేలా ఉంటాయి.

పని అంటే

ఈ పనిలో ఎక్కువ భాగం ఎదురుచూడడం. కాగితాన్ని తడుపుతాం, అద్దుడు కాగితాల మధ్య పెడతాం, పైన బరువు పెడతాం, కూర్చుంటాం. తొందరపడి తీస్తే ముడత పడుతుంది. పొద్దున గోధుమపిండి గంజి కాచి, వడగట్టి, చల్లారనివ్వాలి. నిన్నటి గంజి ఇవాళ వాడకూడదు. వాడితే పురుగు వస్తుంది. నడుము నొప్పి మాత్రం ఖాయం. బల్ల ఎత్తు మీకు సరిపోకపోతే మొదటి వారంలోనే చెప్పండి. నేను మొహమాటపడి చెప్పలేదు, ఇప్పటికీ మందులు మింగుతున్నాను.

బయటివాళ్లు చెదలే కాగితానికి శత్రువు అనుకుంటారు. చెదలు చేసిన నష్టం కంటే బాగుచేద్దామనుకున్నవాళ్లు చేసిన నష్టం ఎక్కువ. చిరిగిన చోట టేపు అంటిస్తారు. అది కొన్నేళ్లకు పచ్చబడి, కాగితంలోకి దిగి, కింద అక్షరాన్ని తినేస్తుంది. ఇంకొందరు ప్లాస్టిక్ ల్యామినేషన్ చేయిస్తారు. దాన్ని ఊడదీయడం మా వల్ల కూడా కాదు. మన చేతికి వచ్చే కాగితాల్లో సగం ఎవరో ప్రేమతో పాడుచేసినవే. తెచ్చినవాళ్ల మీద విసుక్కోకండి. విసుక్కుంటే, ఇంట్లో ఉన్న మిగతావి తీసుకురారు.

సేటు

నా మొదటి పని మేడ్చల్ బస్టాండు వెనక ఒక బైండింగు దుకాణంలో. రావల్కోల్ నుంచి రోజూ వచ్చి కాగితాలు మడత పెట్టేదాన్ని. సేటు పేరు శంకరయ్య. ఎముక పుల్లతో మడత నొక్కడం, దారం లాగకుండా కుట్టడం, వేలి ముద్ర పడకుండా పుట తిప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఏ రోజు కూలి ఆ రోజే ఇచ్చేవాడు. ఆడవాళ్లతో మర్యాదగా మాట్లాడేవాడు.

ఆయనకు ఒకటే జబ్బు, అంచులు సమంగా ఉండాలి. ఏ పుస్తకం వచ్చినా మూడు వైపులా కటింగు మిషను కింద పెట్టేవాడు. ఒకసారి మేడ్చల్‌లో మందులిచ్చే హకీం సాబు తన తండ్రి రాసుకున్న పుస్తకం తెచ్చాడు. ఏ రోగికి ఏ మందు పడలేదో ఆ పెద్దాయన పుటల పక్కన ఖాళీలో రాసుకున్నాడు. సేటు ఆ ఖాళీలన్నీ కోసేశాడు. హకీం సాబు వచ్చి చూసి, చెత్తబుట్ట ముందు కూర్చుని కోసిన పీలికలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

"అంచు సాఫు లేకుంటే అది బైండింగే గాదు హకీం సాబ్" అన్నాడు సేటు.

"నేను బైండింగు సదువ సేటు" అన్నాడు ఆయన, ఏరుతూనే.

సేటు చెడ్డవాడు కాదు. ఆయన కళ్లకు అంచు ఒక్కటే కనబడేది. నాకు అక్షరం రాని రోజులవి. అయినా ఆ బుట్ట ముందు కూర్చున్న మనిషిని చూశాక, కత్తెర పట్టుకున్నప్పుడల్లా చేయి కొంచెం ఆగేది. ఆ ఆగడం ఈ వృత్తికి చాలా పనికొచ్చింది.

మేడం, చదువు

శామీర్‌పేటలో ఒక ట్రస్టు వాళ్లు పాత కాగితాల గది పెట్టినప్పుడు కుట్టు పని తెలిసినవాళ్లు కావాలన్నారు. అక్కడ సరోజ మేడం మాకు పెద్ద. మేడం చెప్పిన సూత్రం ఒకటే. మనం చేసిన ఏ పనినైనా మన తర్వాత వచ్చేవాళ్లు ఊడదీయగలగాలి. అందుకే గంజి తప్ప ఏ జిగురూ వాడనిచ్చేది కాదు. అతుకు వెంట్రుకవాసి వంకరపోయినా మొత్తం తడిపి తీయించేది. కోపం ఎక్కువ. ఆ కోపం కాగితం కోసమే కాబట్టి ఎవరమూ మనసులో పెట్టుకోలేదు.

మేడంకు ఉన్న లోపం కూడా రాస్తాను. పెద్దవాళ్లు అడిగితే కాదనలేకపోయేది. ప్రదర్శన అంటే చాలు, ముందు ఒప్పుకుని తర్వాత మమ్మల్ని పరిగెత్తించేది. అలా పరిగెత్తి చేసిన పనులను తర్వాత మళ్లీ చేయాల్సి వచ్చింది. మీ పైవాళ్లు తేదీ ఇచ్చే ముందు కాగితం చూశారో లేదో అడగండి. అడిగితే ఉద్యోగం పోదు.

ఆ రోజుల్లోనే శామీర్‌పేట బడిలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు చదువు చెప్పేవారు. వెళ్లి నేర్చుకున్నాను. అక్షరాలు వస్తే పని ఇంకా బాగా చేస్తాననుకున్నాను. జరిగింది వేరు. చిరుగు అతికిస్తూ అందులో ఏముందో చదువుతూ కూర్చునేదాన్ని. ఒక పాత వంట పుస్తకం బాగుచేయడానికి మామూలు కంటే రెట్టింపు రోజులు పట్టింది. మేడం పక్కన నిలబడి, "యాదమ్మా, చదివేది టీ టైములో చదువు. బల్ల మీద ఉన్నప్పుడు అది కాగితం" అంది. సరైన మాట. అయినా చదువు వచ్చినందుకు నేనేం బాధపడలేదు. టీ టైములో చదివేదాన్ని.

సగం కాగితాలు

ఇప్పుడు చెప్పబోయేది మా గదికి వచ్చిన పనులన్నిటిలో నాకు ఎక్కువ నేర్పిన పని. ఇది జరిగి ఎక్కువ కాలం కాలేదు.

అలియాబాద్ నుంచి ఖాజా మియా అనే పెద్దమనిషి చీరల దుకాణం కవరు ఒకటి పట్టుకుని వచ్చాడు. పెళ్లిళ్లకు బ్యాండు పెడతాడు. బ్యాండు అంటే ఇత్తడి బూరలది కాదు. భుజం కింద తోలు సంచి, మీద నిలబడే పొడుగు గొట్టాలు, ముందు వైపున వేళ్లతో వాయించే పిల్లనగ్రోవి లాంటి గొట్టం ఉంటాయి. బ్యాగ్‌పైపు అంటారు. వాళ్లు మషక్ అంటారు.

"యాదమ్మంటే నువ్వేనా చెల్లె? రావల్కోల్ మనిషి ఉన్నదంటే వచ్చిన. గీ కాయితాలు జర సూడు."

తీసి చూశాను. అయిదేసి గీతల వరసలు, వాటి మీద చుక్కలు, చుక్కలకు తోకలు. పాటలు రాసే ఇంగ్లీషు పద్ధతి. కానీ ప్రతి కాగితమూ పై సగమే ఉంది. కింద అంచు కత్తెరతో కోసినట్టు తిన్నగా ఉంది.

"మిగిలిన సగం ఏది భాయ్?"

"గంతే చెల్లె. మా వాటా గంతే."

ఆ మాట అర్థం కావడానికి ఆయన కథ వినాల్సి వచ్చింది. ఖాజా మియా తాత తెల్లవాళ్ల కాలంలో బొల్లారం కంటోన్మెంటులో స్కాట్లండ్ పటాలం దగ్గర పనికి ఉండేవాడు. అక్కడ ఒక సార్జెంటు ఫిడేలు మీద వాళ్ల దేశపు నాట్యం పాటలు వాయించేవాడు. తాత ఆయన దగ్గర పాట రాయడం నేర్చాడు. పటాలంలో మషక్ వాయించేవాళ్ల దగ్గర వాయించడం నేర్చాడు. ఫిడేలు పాటలను మషక్‌కు సరిపడేలా మార్చి, కాగితానికి ఒక పాట చొప్పున రాసి పుస్తకం కట్టాడు. పటాలం పోయాక అలియాబాద్ వచ్చి పెళ్లి బ్యాండు పెట్టాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడి కొడుకు ఖాజా మియా. చిన్నవాడి కొడుకు చాంద్ మియా, మా రావల్కోల్‌లో ఉంటాడు.

ఆ ఇద్దరు కొడుకులు వేరుపడినప్పుడు ఊరి పెద్దలు కూర్చుని పంపకం చేశారు. మా వైపు భూమి పంచితే ఒకరికి ఒక చెలక, ఇంకొకరికి ఇంకో చెలక ఇవ్వరు. మంచి మట్టి ఒకరికే పోతుందని ప్రతి చెలకనూ, ప్రతి మడినీ నడిమికి పంచి గట్టు వేస్తారు. మషక్‌లు రెండున్నాయి, తలా ఒకటి ఇచ్చారు. డోళ్లు పంచారు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి కాగితాలు లెక్కపెట్టి చెరి సగం ఇస్తామన్నారు. అన్నదమ్ములు ఒప్పుకోలేదు. మంచి పాటలు ఒకడికే పోతే ఎట్లా? అందుకని పుస్తకం విప్పి, ప్రతి కాగితాన్నీ అడ్డంగా నడిమికి కోశారు. పై సగం పెద్దవాడికి, కింది సగం చిన్నవాడికి. అక్కడున్న ఎవరికీ అది తప్పుగా తోచలేదు. మిగతావన్నీ అలాగే పంచారు కదా.

ఆ పాటలకు రెండు భాగాలుంటాయి. మొదటి భాగం పైన, రెండోది కింద రాసి ఉంది. దాంతో పెద్ద ఇంటికి అన్ని పాటల మొదళ్లు, చిన్న ఇంటికి అన్ని పాటల చివరలు వచ్చాయి. పక్కవాడి మడిలో నాగలి పెట్టకూడదు. ఆ అన్నదమ్ములకు రెండు భాగాలూ నోటికి వచ్చినా, ఎవరి వాటా వాళ్లే వాయించారు. కొడుకులకు ఎవరి వాటా వాళ్లే నేర్పారు. అప్పటి నుంచి అలియాబాద్ బ్యాండు మొదటి సగాన్నే తిప్పి తిప్పి వాయిస్తుంది. రావల్కోల్ బ్యాండు రెండో సగాన్నే తిప్పి తిప్పి వాయిస్తుంది. నా పెళ్లికి వాయించింది రావల్కోల్ వాళ్లే. బాజా అంటే అట్లాగే మధ్యలోంచి మొదలవుతుందని మేమంతా అనుకునేవాళ్లం.

"ఇన్నేండ్లు నడ్సింది గద భాయ్. ఇప్పుడేమైంది?" అని అడిగాను.

"డీజేలొచ్చినయి గద. మేడ్చల్ దిక్కు ఫంక్షన్ హాలు పటేలు ఒక్కడే మమ్ముల పిలుస్తుండె. ఆయిన గూడ మొన్న ఏమన్నడో ఎరికేనా? 'ఖాజా, నీ పాట ఎప్పుడిన్నా గుర్రం ఎక్కుతనే ఉంటది, దిగనే దిగది' అన్నడు. గీ లగ్గాలకు పూరా పాట ఇనిపిస్తే సరే, లేకుంటే ఇగ రాకు అన్నడు."

ఆ హాలు పోతే బ్యాండు పోయినట్టే. ఆయన డోలు వాళ్లలో ఇద్దరు అప్పటికే కొంపల్లి విల్లాల గేటు దగ్గర సెక్యూరిటీలో చేరారు. సెలవు పెట్టుకుని వచ్చి వాయిస్తున్నారు.

"ఫోన్ల దొరుకుతయి గద పాటలు?"

"దొరికింది చెల్లె. ఫిడేలు మీద వాయిస్తాండు ఒక దొర. పాట ఎన్క సగానికి రాంగనే ఆకాశంల పోతాంది. మా మషక్ల ఉన్నయే తొమ్మిది సప్పుళ్లు. గంత మీదికి యాడ పోవాలె? మా దాదా గా ఎన్క సగాన్ని కిందికి దింపి రాసిండు. గది చాంద్‌గాని తాన ఉంది."

"అడుగరాదు మరి."

"ఇంట్ల ఎవలన్న సచ్చి మయ్యత్ అయితె తప్ప మేం మాట్లాడుకోం. నువ్వు వాళ్లూరి ఆడిబిడ్డవు. నీ మాట ఇంటడు."

ఈగ మచ్చలు

ముందు ఖాజా మియా కాగితాల పని మొదలుపెట్టాం. మా గదిలో ఎవరికీ ఆ రాత చదవడం రాదు. మేడంకూ రాదు. పెద్ద చుక్కల పైన సన్నగా, గుంపులు గుంపులుగా నల్లటి మచ్చలున్నాయి. వంటింటి పక్కన పెట్టిన కాగితాల మీద ఈగలు వేసే మచ్చలు అచ్చం అట్లాగే ఉంటాయి. మెత్తటి రబ్బరుతో ఒక మూల తుడిచి చూద్దామనుకున్నాం. అదృష్టం కొద్దీ ఆ పొద్దునే మేడం పిలిపించిన డానియల్ సారు వచ్చాడు. బొల్లారంలో చర్చిలో ఫిడేలు వాయించే పెద్దాయన. మా బల్ల దగ్గర నిలబడి కళ్లజోడు సర్దుకుని, "అమ్మా, ఆ రబ్బరు కింద పెట్టండి. అది ఈగ కాదు, పాటే" అన్నాడు.

మషక్ సంచిలో గాలి ఉన్నంతసేపు శబ్దం ఆగదట. ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే మధ్యలో రెప్పపాటు ఇంకో స్వరం తాకించాలి. లేకపోతే రెండూ కలిసిపోతాయి. ఆ తాకించేవే ఆ చిన్న మచ్చలు. ఫిడేలుకు అవి అక్కర్లేదు, తాత మషక్ కోసం చేర్చుకున్నాడు.

చదవడం రాని కాగితం వచ్చినప్పుడు, చదవగలిగినవాళ్లు వచ్చేదాకా దుమ్ము దులపడం తప్ప ఇంకేమీ చేయకండి. అది ఒక రోజు ఆలస్యం, అంతే.

రావల్కోల్

నేను వెళ్లేసరికి చాంద్ మియా బర్రెలకు గడ్డి కోస్తున్నాడు.

"మన నర్సయ్య బిడ్డవు గాదూ? ఇటు దారి దప్పినవేంది?"

"నీ కాయితాలు సూద్దామని వచ్చిన చాంద్ భాయ్."

కొడవలి ఆగింది. "ఖాజా పంపిండా?"

"పంపిండు." అబద్ధం చెప్పి కాగితం తెచ్చుకుంటే, ఆ కాగితంతో పాటు ఆ అబద్ధాన్ని కూడా మోయాలి.

"ఆయినకు సగమిచ్చిన్రు, సాలలేదా? పంచుకున్నది మళ్ల కలుపొద్దని మా అబ్బ మాటిచ్చిండు. నేనెట్ల కలుపాలె?"

"కలుపుమంటలేను. చెద పట్టినయి గద, బాగుజేసి ఇస్తం."

"చెద పట్టినయని నీకెవలు జెప్పిన్రు?"

"రావల్కోల్ల చెద పట్టని కాయితం ఉంటదా భాయ్?"

ఆయన నవ్వాడు. లోపలి నుంచి భార్య గొంతు వినబడింది. "ఇయ్యరాదు. సందూక తీస్తె మన్నే రాలుతాంది. ఎన్నడన్న సూసినవా గవి?"

"నువ్వు నడ్మల మాట్లాడకు."

"నడ్మల ఉన్నది నేనొక్కదాన్నే గద ఇంట్ల."

ఆమె చాయ్ తెచ్చింది, కాగితాలున్న సందూక పెట్టె కూడా తెచ్చింది. చాంద్ మియా చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు. పూర్తి పాట వాయించమని తనను కూడా అడుగుతున్నారని చెప్పాడు. నీ పాటకు తలకాయ లేదురా చాంద్ అని పెళ్లివాళ్లు నవ్వుతారట. చివరికి షరతులు పెట్టాడు. "నా వాటా నా బల్ల మీద, ఆయిన వాటా ఆయిన బల్ల మీద. రెండిటిని కలిపి అతుకు పెట్టొద్దు. ఖాజా చెయ్యి నా కాయితం మీద పడొద్దు."

సరేనని మాటిచ్చాను. మేడం విని తల పట్టుకుంది. రెండు సగాలూ అతికించి అద్దాల పెట్టెలో పెట్టి ప్రదర్శన చేద్దామని ఆమె ఆలోచన. "ఒక్క కాగితానికి రెండు బల్లలా?" అంది. మాటిచ్చి వచ్చానన్నాను. వెంటనే రెండో బల్ల ఖాళీ చేయించింది. మేడంలో నాకు నచ్చేది అదే. తను ఇవ్వకపోయినా, గది తరఫున ఇచ్చిన మాటను తన మాటలాగే చూసేది.

పోయిన వరస

రెండు బల్లల మీదా కాగితాలు పరిచి కొలిస్తే ఒక సంగతి బయటపడింది. రెండు సగాలు పక్కపక్కన పెట్టినా అవి కలవవు. ప్రతి పాటకూ నడుమ ఒక వరస లేదు.

పంపకం రోజు కత్తెర సరిగ్గా మధ్య వరస మీదుగా పోయింది. చెరొకరికి ఆ వరసలో సగం సగం గీతలు వచ్చాయి. కోసిన అంచు పీచులు లేచింది. పీచు లేచినప్పుడల్లా రెండు ఇళ్లలోనూ ఎవరో ఒకరు దాన్ని సాఫుగా కత్తిరిస్తూ వచ్చారు. రెండు వైపులా అంచులు చక్కగా, తిన్నగా ఉన్నాయి. శంకరయ్య సేటు చూస్తే సంతోషించేవాడు. పాట మొదటి సగం నుంచి రెండో సగానికి తిరిగే చోటు మాత్రం ఎక్కడా మిగల్లేదు.

ఇద్దరినీ పిలిపించాం. వినడం ముట్టుకోవడం కిందికి రాదని చాంద్ మియా ఒప్పుకున్నాక, డానియల్ సారు రెండు సగాలూ ఫిడేలు మీద వాయించాడు. పై సగం అయిపోయాక ఆగి, కింది సగం ఎత్తుకున్నాడు. ఇద్దరూ నేల చూస్తూ విన్నారు. అవతలి సగం కాగితం మీద ఎలా ఉందో అలాగే వినడం ఇద్దరికీ అదే మొదలు.

తర్వాత తగాదా మొదలైంది.

"నడ్మల మా అబ్బ గిట్ల దిగుతుండె" అని ఖాజా మియా నోటితో పాడి చూపించాడు.

"దిగేదుంటె నాది కింద నుంచి షురూ కావాలె. నాది మీద నుంచి షురూ అయితది. సార్ వాయించంగ ఇనలేదా?"

"మరి నడ్మల పైకెక్కిందెవలు?"

"నాకేం ఎరుక? మీ ఇంట్ల కత్తెర లేకుండెనా?"

"మీ ఇంట్ల లేకుండెనా?"

డానియల్ సారు ఇద్దరినీ కూర్చోబెట్టి, రెండు వైపులా చూసుకుని, మధ్యలో సరిపోయే ఒక వరస రాశాడు. ఫిడేలు మీద వాయిస్తే అతుకు తెలియలేదు. ఖాజా మియా ముఖం విప్పారింది. "గదే అంటివెట్టుండ్రి. నాకు హాలు దక్కుతది."

అంటిద్దామని నేను కూడా అన్నాను. ఆయన బ్యాండు నిలబడుతుంది, కాగితం నిండుగా కనబడుతుంది, ఎవరికీ నష్టం లేదనుకున్నాను. మేడం ఒప్పుకోలేదు. నిండుగా ఉన్న పుట ప్రదర్శనలో బాగుంటుందని ఆమెకూ తెలుసు. అయినా, "ఆయనకు కావాల్సింది పాట. పాట వేరే కాగితం మీద రాసివ్వండి. దీని మీద పెడితే ఇంకొన్నేళ్లకు ఇదీ తాతే రాశాడంటారు. రాయలేదు కదా" అంది.

నాకు కోపం వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషి బతుకు కంటే ఎప్పుడో రాబోయేవాడి అనుమానం ఎక్కువా అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే మేడం చెప్పిందే సరి. అయితే పిల్లలూ, ఆ రోజు నాకు వచ్చిన కోపం కూడా తప్పనుకోకండి. అది రాకపోతే ఈ పని చేసేవాళ్లు కాగితాన్ని తప్ప మనిషిని చూడడం మానేస్తారు.

సారు రాసిన వరస విడిగా ఇచ్చినా పని కాలేదు. చాంద్ మియా తల అడ్డంగా ఊపాడు. "సార్ మంచిగనే రాసిండు. గని గది మా దాదాది గాదు. నా వాటా ముంగట ఎవలిదో పెట్టి వాయిస్త అంటే నేనొప్ప." ఆయన వాటా లేకుండా ఖాజా మియాకు పూర్తి పాట లేదు.

కోసిన అంచులు ఇంకా చిట్లకుండా రెండు సగాలకూ ఖాళీ కాగితపు పట్టీలు అతికించాం. పాత కాగితం కంటే ఒక ఛాయ తక్కువ రంగు, ఎవరు చూసినా కొత్తదని తెలిసేలా. పోయిన వరస వెడల్పులో చెరి సగం. చాంద్ మియా స్కేలు అడిగి, భూమి కొలిచినట్టు రెండు వైపులా కొలిచి చూసుకున్నాడు. ఖాజా మియా కూడా కొలిచాడు. వాళ్లు కొలుస్తున్నంతసేపు మేడం కిటికీ బయటికి చూస్తూ నిలబడింది.

కాగితాలు రెండు పెట్టెల్లో సర్ది ఇచ్చేశాం. ప్రదర్శన జరగలేదు. మెట్లు దిగుతుంటే ఖాజా మియా ఆగాడు.

"చాంద్, నీ మడిల నేను కాలు పెట్ట. నా పాట నేను వాయిస్త. నీ పాట నువ్వొచ్చి వాయించు."

"నడ్మల?"

"నడ్మల మనిద్దరం ఊకుందం. డోలోళ్లు కొడ్తరు."

చాంద్ మియా తన పెట్టెను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. "మీ డోలోళ్లు లయ తప్పుతరు" అన్నాడు. రానని మాత్రం అనలేదు.

హాలు గేటు దగ్గర

పటేలు చెప్పిన లగ్గాల్లో మొదటి పెళ్లికి ఖాజా మియా నన్ను కూడా పిలిచాడు. వెళ్లాను. ఫంక్షన్ హాలు గేటుకు ఒక పక్క అలియాబాద్ వాళ్లు, ఇంకో పక్క రావల్కోల్ వాళ్లు నిలబడ్డారు. పటేలు చేతులు కట్టుకుని గేటు మధ్యలో నిలబడ్డాడు. పక్కన డీజే బండి సిద్ధంగా ఉంది. ఖాజా వల్ల కాకపోతే దాన్నే వాడదామని తెప్పించి పెట్టాడట.

పెళ్లికొడుకు గుర్రం మలుపు తిరగగానే ఖాజా మియా మొదలుపెట్టాడు. ఆ మొదటి భాగం అక్కడున్న అందరికీ తెలిసిందే, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చివరికి వచ్చాక ఆయన వేళ్లు ఆగాయి. మషక్ సంచిలో గాలి ఉంది కాబట్టి భుజం మీది పొడుగు గొట్టాలు మాత్రం ఒకే శబ్దంతో మోగుతూనే ఉన్నాయి. అవతల చాంద్ మియా కూడా సంచి నింపుకుని, వేళ్లు కదపకుండా నిలబడ్డాడు. ఆ రెండు మూలుగుల మీద డోళ్లు లేచాయి. ఒక్క వరసకు సరిపడేంత సేపు డోలు తప్ప ఏమీ లేదు. కొంపల్లి గేటు దగ్గర పనిచేసే ఇద్దరూ అలియాబాద్ వైపు నిలబడి కొట్టారు. లయ తప్పలేదు.

అప్పుడు చాంద్ మియా వాటా మొదలైంది.

పెళ్లివాళ్లకు ఇదేమీ తెలియదు. ఇంకోసారి, ఇంకోసారి అంటూ తిప్పించారు. మూడో విడత వచ్చేసరికి కుర్రాళ్లు ఆ డోలు వచ్చే చోటు కోసం కాచుకుని ఉండి, అది రాగానే అందరూ ఒక్కసారిగా ఎగిరారు. ముసలివాళ్లు కూడా కాళ్లు కదిపారు. పాట ఉన్నంతసేపు ఊరికే నిలబడ్డవాళ్లు, పాట లేని చోట ఆడారు. గుర్రం దిగడానికి పెళ్లికొడుకు తొందరపడలేదు.

అంతా లోపలికి వెళ్లాక పటేలు వచ్చాడు. డీజే అతను వైర్లు చుట్టుకుంటున్నాడు.

"ఇగ ముందటి లగ్గాలకు గూడ మీరే రాండ్రి, ఇద్దరు గూడ రాండ్రి. గని నడ్మల ఒట్టి డోలు కొట్టిన్రు సూడు, గది జర పొడుగు కొట్టాలె. గదెవలిది, నీదా, ఖాజాదా?"

ఖాజా మియా జవాబు చెప్పడానికి నోరు తెరిచి, చాంద్ మియా వైపు చూశాడు. చాంద్ మియా సంచిలో మిగిలిన గాలి వదిలేసి, మూతి తుడుచుకున్నాడు.

"గది ఇంకా పంచుకోలేదు పటేలా" అన్నాడు.